పురిటి గదిలో ఉక్కపోత

కాన్పు సమయంలో గదిలో ఫ్యాన్ ఆపేయాల్సిందే. తడి ఒంటితో పుట్టిన బిడ్డకు గాలి తగిలితే నిమిషాల్లో ఒళ్లు చల్లబడిపోతుంది. అందుకే గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య, గాలి కొట్టకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏసీ లేని ఆస్పత్రిలో, మే నెలలో, వేడి 28 దగ్గర ఆగదు. సోంపేట, కవిటి వైపు సముద్రపు తేమ కూడా తోడవుతుంది. స్టాఫ్ నర్సు ఒంటి మీద గౌను, ప్లాస్టిక్ ఏప్రాన్, మాస్కు, గ్లవ్స్. చెమట కారుతుంది గానీ ఆరదు. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. అదే చెమట గౌనులో ఇంకితే పోయేది దాదాపు ఏమీ లేదు.

బిడ్డ కోసం గదిని చల్లబరచలేనప్పుడు నర్సునే చల్లబరచాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆస్పత్రులకు వచ్చే వేసవిలోపే ఇందుకు డబ్బు కేటాయించాలని కోరుతున్నాం.

పొరపాటు కొనేటప్పుడే జరుగుతుంది. చవకగా దొరికేది నీళ్లలో తడిపి తొడుక్కునే కూలింగ్ జాకెట్. రాజస్థాన్ పొడి ఎండకు అది బాగానే ఉంటుంది. మన తీరపు తేమలో, పైగా గౌను కింద, నీరు ఆవిరయ్యే దారే లేదు. మిగిలేది తడి బరువు. ఐస్ ప్యాక్‌ల జాకెట్‌తో వేరే తంటా. ఆ చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి రావడం తగ్గుతుంది. ప్యాక్‌కు పట్టిన చెమ్మ గౌనును తడిపేస్తుంది; తడిసిన బట్ట గౌను క్రిములను ఆపలేదు.

ఇక్కడికి సరిపోయేవి 21 డిగ్రీల దగ్గర గడ్డకట్టే, మైనంలాంటి పదార్థం నింపిన ప్యాకెట్లు. పలచని కాటన్ బనియను, దానిపై జాకెట్, ఆపైన గౌను. రెండు కిలోల ప్యాకెట్లు దాదాపు గంటసేపు పనిచేస్తాయి. మెత్తబడగానే మార్చాలి; కరిగిపోయిన జాకెట్ ఒంటికి ఇంకో దుప్పటి కప్పినట్టే. కాబట్టి ఒక్కొక్కరికి రెండు సెట్లు కావాలి. ఐసు వేసిన నీళ్ల బకెట్లో అరగంట ముంచితే మళ్లీ గడ్డకడతాయి, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. మామూలు ఫ్రిజ్ అయినా చాలు. టీకాల ఫ్రిజ్‌లో మాత్రం ఒక్కటి కూడా పెట్టకూడదు. మాటిమాటికీ తలుపు తీస్తే 2–8 డిగ్రీల చల్లదనం నిలవక టీకాలు పాడవుతాయి.

జాకెట్లు వచ్చేలోపు ఒక టబ్బు చాలు. గౌను, గ్లవ్స్ విప్పాక 15–20 డిగ్రీల నీళ్లలో మోచేతుల దాకా పది నిమిషాలు చేతులు ఉంచాలి. నీరు వెచ్చబడితే ఐసు వేయాలి. తిరిగి లోపలికి వెళ్లేముందు చేతులు యథావిధిగా కడుక్కోవాలి.

ఇరవై నిమిషాలకో గ్లాసు నీళ్లు తాగాలన్నది అందరికీ తెలుసు. మరుగుదొడ్డి దూరమైతే నర్సులు తాగడమే మానేస్తారు, డ్యూటీ మార్చేవారు లేకపోతే విరామమే ఉండదు. ఆ రెండూ చూడాల్సింది అధికారులే.

మాట తడబడినా, పొంతన లేని జవాబు వచ్చినా అలసట అనుకోవద్దు, వడదెబ్బగానే చూడాలి. వెంటనే పక్క గదిలోకి తెచ్చి, గౌను కత్తిరించి తీసేసి, ఒంటిమీద నీళ్లు పోస్తూ ఫ్యాన్ వేయాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. 108కు ఫోన్ చేస్తూనే ఈ పని మొదలుకావాలి.