'ఇంకొక్క రౌండ్' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఇంకొక్క రౌండ్' గారి సముఖానికి,

నిన్న సాయంత్రం నుంచి మీకు రాద్దామనుకుంటూనే ఉన్నాను, కుదరలేదు. రెండు గంటలు ముళ్లకంపల్లో నా రిమోట్ విమానం ఎడమ రెక్క కోసం వెతకడంతో సరిపోయింది. తర్వాత చేతుల వణుకు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు తీరిక దొరికింది. బల్ల మీద నా ఎదురుగా విరిగిన ప్రొపెల్లర్ ముక్క ఒకటి ఉంది, బొటనవేలంత. దాన్ని చూస్తూ రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడా మర్యాద తప్పితే మన్నించాలి.

మీరెవరో చదివేవాళ్లకి పరిచయం చేయనక్కర్లేదు. వేగంగా పోయే, రేడియో రిమోట్‌తో నడిపే ఆర్‌సీ విమానాన్ని ఒక్క సీజన్ ఎగరేసినవాడెవడికైనా మీరు ఆత్మబంధువే. టైమర్ మోగాక గానీ మీరు రారు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, కళ్లు అలిసిపోకముందు, ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు తమరి దర్శనం దొరకదు. నాలుగు నిమిషాల టైమర్ కీచుమని అరిచి, రిమోట్ స్టిక్కుల మీద బొటనవేళ్లు చెమటకి జారుతూ, సూర్యుడు సరిగ్గా కళ్ల మట్టానికి దిగాక, అప్పుడొచ్చి భుజం మీద చెయ్యేస్తారు. "ఇంత బాగా ఎగురుతోంది కదా, అప్పుడే దించేస్తావా? ఇంకొక్క రౌండ్. ఈసారి కొంచెం దగ్గరగా. కొంచెం కిందగా."

ఆ 'కొంచెం' ఉంది చూశారూ, నా గొడవంతా దాంతోనే.

మొదటి లో పాస్, అంటే నేలకి దగ్గరగా దూసుకుపోవడం, రన్‌వేకి అవతలి అంచు మీదుగా పోయింది. మాకు 60 మీటర్ల దూరం ఉంటుంది. అందరూ తలలు తిప్పి చూశారు, బాగుందన్నారు. రెండోది 50 మీటర్లకి వచ్చింది. దూరం తగ్గించినట్టు నాకే తెలియలేదు. మూడోది రన్‌వే మధ్య గీత మీద. నాలుగోది ఇవతలి అంచు మీద, గడ్డి పరకలు ఊగేటంత కిందగా. కొలిచిందెవరు? ఎవరూ లేరు. పాస్ అయిన ప్రతిసారీ వెనక నుంచి చప్పట్లు వినపడతాయి. చప్పట్లకి దూరం తగ్గించే గుణం ఉందని ఏ మాన్యువల్‌లోనూ రాయలేదు.

మీకు లెక్కలు గిట్టవని తెలుసు. అయినా ఒకటి చెబుతాను. గంటకు 200 కిలోమీటర్లంటే సెకనుకు 55 మీటర్లు. మనిషి 'అయ్యో' అనుకుని వేలు కదిలించడానికి అర సెకను పట్టిందనుకుందాం. అప్పటికి విమానం 27 మీటర్లు వచ్చేసి ఉంటుంది. ఇవతలి అంచుకీ మా కుర్చీలకీ మధ్య ఉన్నది 20 మీటర్లు. మిగిలిన ఏడు మీటర్లు మా వెనక ఉన్నాయి. ఆ సంగతి నిన్నటిదాకా నేను ఆలోచించలేదు.

ఇక నిన్నటి ఐదో పాస్, అంటే తమరు స్వయంగా వేంచేసినది.

బాగా ఎత్తుకి తీసుకెళ్లి ముక్కు దించాను. ఫుల్ థ్రాటిల్, అంటే మోటారుకి పూర్తి వేగం. మోత సన్నగా మొదలై చీరిపోయే గుడ్డలా పెరుగుతూ వచ్చింది. ఎడమ నుంచి కుడికి, మనిషి నిలువెత్తులో, జుయ్యిమని పోయింది. అబద్ధమెందుకు, ఒళ్లు పులకరించింది. చివర్లో ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ లాగి పైకి లేపి మలుపు తిప్పాను. ఆ మలుపు సూర్యుడికి అడ్డంగా పడింది.

మూడు సెకన్ల క్రితం వరకూ పైన ఎరుపు, కింద పసుపు రంగుతో ముచ్చటగా కనిపించిన విమానం అక్కడ నల్లటి మచ్చ అయిపోయింది. నల్ల మచ్చకి పొట్టా వీపూ తేడా ఉండదు. నాకు పొట్ట కనిపిస్తోందనుకున్నాను, అంటే అవతలికి తిరుగుతోందని. నిజానికి కనిపించింది వీపు. అది ఇవతలికి తిరుగుతోంది. మలుపు బిగిద్దామని, రెక్కల్ని వాల్చే ఐలరాన్ ఇంకొంచెం ఇచ్చాను. నా చేత్తో నేనే దాన్ని మా మీదకి తిప్పాను.

విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమ అవుతుందని, ఏ రెక్క కిందికి వాలితే స్టిక్ అటే తొయ్యాలని ఈ ఆటలో మొదటి నెలలోనే నేర్పుతారు. నాకూ నేర్పారు, నేనూ పదిమందికి నేర్పాను. కానీ మొదట అది మన వైపు వస్తోందని తెలియాలి కదా! పక్కనున్న మిత్రుడు "మన మీదకే!" అని అరిచాకే నాకు తెలిసింది.

ఆ కేక విన్నాక జరిగింది చెప్పడానికే అసలు ఈ ఉత్తరం. నాకు ఈ విద్య నేర్పిన పెద్దాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "విమానం మనుషుల వైపు వస్తే దాన్ని కాపాడకు. థ్రాటిల్ మొత్తం దించెయ్, ముక్కు నేలలో గుచ్చెయ్. ముక్కలు నేను ఏరిస్తాను." అంత స్పష్టంగా చెప్పాడు. ఆ కేక విన్నప్పుడు విమానం ఇంకా రన్‌వే అవతలే ఉంది. ఎలివేటర్ ఒక్క తోపు తోస్తే ఖాళీ గడ్డిలో దిగబడేది. నా వేలు తొయ్యలేదు. లాగింది. ఇంకా పైకి లేపొచ్చు, తిప్పొచ్చు, మూడు నెలలు కూర్చుని చేసుకున్న రెక్కలు నిలబెట్టుకోవచ్చని. దీన్నే మనవాళ్లు దింపుడు కళ్లం ఆశ అన్నారు. థ్రాటిల్ ఎక్కడుందో చెప్పమంటారా? పైన. మొదటి నుంచి చివరిదాకా పైనే.

అందరూ నేల మీద పడుకున్నాం. అది కుర్చీల మీదుగా పోయింది. పడుకున్నవాళ్లకి గాలి తగిలింది. వెనక, బండ్లు పెట్టుకున్న చోట, దబ్బున ఒక చప్పుడు.

అక్కడ మిత్రుడి కొడుకు ఉన్నాడు. నీళ్ల సీసా కోసం వెళ్లాడు. 'ముందుకి రాకు, వెనకే ఉండు, వెనకుంటే ఏమీ కాదు' అని మధ్యాహ్నం వాడికి చెప్పింది నేనే. నేను లేచి చూసేసరికి ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో మూతతో అలాగే నిలబడి ఉన్నాడు. వాడికీ నేలలో దిగిన ముక్కుకీ మధ్య దూరం అడుగులేసి కొలిచాను. ఆరు. మళ్లీ కొలిచాను. ఆరే.

ఇక్కడ 'మీరు', 'తమరు' అని రాయడం నా వల్ల కావడం లేదు.

ఆరడుగులు వేసేంత దూరం. నువ్వు అడిగిన 'కొంచెం' ఎంతో నాకిప్పుడు తెలిసింది. రెండు కిలోల విమానం 200 వేగంతో వస్తే దాని దెబ్బ మూడు వేల జౌళ్లు పైమాటే. 160 గ్రాముల క్రికెట్ బంతి 150 వేగంతో వస్తే 140 జౌళ్లు కూడా ఉండదు. అంటే అలాంటివి 22 బంతులు కట్టగట్టి ఒకేసారి. ఆ బంతికైతే హెల్మెట్, ప్యాడ్లు, చేతిలో బ్యాటు పెట్టుకుని నిలబడతారు. ఈ పిల్లాడు సీసా మూతతో నిలబడ్డాడు. పైగా ముందు ప్రాప్, అంటే ప్రొపెల్లర్. 10 అంగుళాల ప్రాప్ నిమిషానికి 15,000 చుట్లు తిరిగితే దాని కొస గంటకు 700 కిలోమీటర్లు దాటిపోతుంది. థ్రాటిల్ దించి ఉంటే కనీసం ఆ కత్తయినా ఆగేది. అది విరిగి ఎగిరిన ముక్కే ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. దొరికింది వాడి చెప్పు పక్కన.

వాళ్ల నాన్న ఏమీ అనలేదు. నడిచి వెళ్లి, వాడి చేతిలోంచి మూత తీసుకుని సీసాకి బిగించాడు. గట్టిగా, అవసరానికి మించి బిగించాడు. తిడితే బాగుండేది.

అప్పుడు నేనేం చేశానో నీకు తెలుసు. "సిగ్నల్ పోయినట్టుంది" అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను. ఆడలేక మద్దెల ఓడు. పాత రోజుల్లో అయితే ఈ మాట చెల్లేది. ఒకే రేడియో ఛానెల్ మీద ఇద్దరు తమ రిమోట్లు, అంటే ట్రాన్స్‌మిటర్లు ఆన్ చేస్తే ఒకడి విమానం దిక్కులేకుండా పోయేది. అందుకే బోర్డుకి క్లిప్పులు తగిలించి వంతులేసుకునేవాళ్లు. ఒకదానికొకటి అడ్డుపడని 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ సాకు చచ్చిపోయింది, నాలాంటివాళ్లు మాత్రం దానికి ఏటా తద్దినం పెడుతున్నారు. ఎవరూ నమ్మలేదనుకుంటాను. ఎవరూ కాదని కూడా అనలేదు. రేపు వాళ్లకీ ఇదే మాట కావాలి మరి.

కోపంలో అన్నీ నీ ఒక్కడి మీదే వెయ్యడం న్యాయం కాదు. మీ చుట్టాలు కూడా ఉన్నారు. ఫెయిల్‌సేఫ్ సెట్ చేయనివ్వని బద్ధకం ఒకటి. సిగ్నల్ పోతే మోటారు ఆగాలి కదా, మనం సెట్ చేయకపోతే విమానంలోని కొన్ని రిసీవర్లు ఆఖరిసారి విన్న ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. ఆఖరి ఆజ్ఞ ఫుల్ థ్రాటిల్ అయితే ఇక దేవుడే దిక్కు. విమానాన్ని గట్టిగా పట్టుకుని ట్రాన్స్‌మిటర్ ఒక్కసారి ఆపి చూస్తే తెలిసిపోయే సంగతి. నిమిషం పని, ఆ నిమిషమే ఉండదు. ఇంకొకరు, వేరే విమానం మెమరీ మీద ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని టేకాఫ్ చేసే మహానుభావులు. ఐలరాన్లు ఎదురు తిరిగాయని గాల్లో కనిపెడతారు. ఇంకొకరు, రెక్క పలకల్ని కదిలించే లింకేజీలో గోరంత లూజుంటే 'ఏం కాదులే' అనేవాళ్లు. డైవ్‌లో ఆ గోరంతే రెక్కని బర్ర్‌మని వణికించి ఊడదీస్తుంది. ఇక వీడియో తీసేవాడు. "సరిగ్గా నా మీద నుంచే పోనివ్వన్నా, షాట్ అదిరిపోతుంది" అంటాడు. అదిరేది షాటొక్కటే అని వాడి నమ్మకం.

బ్యాటరీ సంగతి మర్చిపోయాను. లిపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) ఊడిపోయి పదిహేను అడుగుల అవతల గడ్డిలో పడింది, ఒక మూల నొక్కుకుపోయి. చూడటానికి బుద్ధిమంతుడిలాగే ఉంది. పావుగంట తర్వాత ఉబ్బి పొగ మొదలుపెట్టింది. మేమంతా రెక్క వెతకడంలో మునిగి ఉన్నాం. దాన్ని చూసి ఇసుక పోసింది ఎవరనుకున్నావు? ఆ పిల్లాడే. వాళ్ల నాన్న ఎప్పుడో చెప్పాడట, దెబ్బ తిన్న బ్యాటరీని ఇసుకలో పెట్టాలని. వాడు విన్నాడు. నేను నా పెద్దాయన మాట వినలేదు.

సరే, మళ్లీ మీరు అంటాను. అరిచి అలిసిపోయాను.

మీ మీద ఇష్టం లేదని రాస్తే మీరే నవ్వుతారు. దూరం నుంచి చుక్కలా వచ్చి, కళ్ల ముందు ఒక్క క్షణం రెక్కలు, రంగులు, సీలింగ్ టేపు అంచుతో సహా మొత్తం కనిపించి, దాటిపోగానే మోత ఒక్కసారిగా బొంగురుపోతుంది చూడండి, దానికోసమే కదా ఇదంతా. జర్మనీలో 2017లో ఒక టర్బైన్ (జెట్ ఇంజన్) మోడల్‌ని గంటకు 749 కిలోమీటర్లు పరిగెత్తించారు. కాలిఫోర్నియాలో ఇంజనే లేని గ్లైడర్‌ని కొండ వెనక గాలిలో గిరగిరా తిప్పి 2021లో 880 దాటించారు. అవి చూసి నిద్రపట్టని రాత్రులు నాకున్నాయి. మీరు ఆ రాత్రుల్లోనే పరిచయమయ్యారు. వాళ్లకి రికార్డు కావాలి, నాకు కుర్చీల్లో కూర్చున్న నలుగురి చప్పట్లు చాలు. వాళ్ల ప్రయత్నానికి సన్నాహాలు ఉంటాయి, నాదానికి మీ పిలుపొక్కటే ఉంటుంది.

అందుకని కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాను, తమరికి తెలియజేస్తున్నాను. ఇకపై పాస్ రన్‌వేకి అవతలి అంచు మీదుగానే. మలుపు ఎప్పుడూ మనుషులకి అవతలి వైపే. పొద్దు వాలి ఎండ కళ్లలో పడితే ఆట బంద్. నా వెనక ఒక మనిషి నిలబడతాడు. టైమర్ మోగగానే భుజం తట్టి "దించు" అంటాడు. ఇకపై భుజం మీద వెయ్యడానికి మీకు చోటుండదు, అక్కడ ఆయన చెయ్యి ఉంటుంది. ఆ మనిషెవరో చెప్పలేదు కదూ, సీసా మూత బిగించినాయన. నేనే అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు.

అసలు ఈ ఉత్తరం ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కానీ నిన్న బండి ఎక్కేముందు జరిగింది చెప్పకుండా ఉండలేను. ముక్కలన్నీ పెట్టెలో సర్దుతుంటే ఆ పిల్లాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. విరిగిన ప్రాప్ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. భయపడ్డావా అని అడుగుదామని నోరు తెరిచాను. వాడే ముందడిగాడు.

"అంకుల్, వచ్చే వారం బాగైపోతుందా? ఇంకొక్కసారి అలాగే కింద నుంచి పోనిస్తారా?"

తొమ్మిదేళ్లు వాడికి. వాడి దగ్గరికి ఎప్పుడు వెళ్లారండీ మీరు?

ఇట్లు,
తమరి మాట కాదనలేక ఒక విమానాన్ని పోగొట్టుకున్న,
ట్రాన్స్‌మిటర్‌ని మాత్రం చార్జింగ్‌కి పెట్టిన,
ఒక విధేయుడు