చూపుడు వేలికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చూపుడు వేలు గారికి,

బెజవాడ గవర్నరుపేట నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ దర్జా మాకు తెలియనిదా? ఓటేస్తే సిరా మీకే. బస్టాండులో మచిలీపట్నం బస్సెక్కడని అడిగితే నోరు తెరిచే శ్రమ లేకుండా మిమ్మల్ని చాపుతారు. అటు వెళ్తే బస్సుండదు, అది వేరే సంగతి.

కానీ 2023లో మీ పరువు కాస్త పోయిందండీ. కుక్కల బుద్ధిని పరిశోధించేవాళ్లు మెనీడాగ్స్ పేరుతో జట్టు కట్టారు. 20 చోట్ల, 455 కుక్కల మీద, ఒకే పరీక్ష. రెండు కప్పులు పెట్టి, ఒకదాన్లో తిండి దాచి, కుక్క అటు వెళ్తుందా లేదా అని మిమ్మల్ని దానివైపు చాపడం. ఏం చేయాలో, లెక్క ఎలా కట్టాలో ముందే రాసిపెట్టుకుని మరీ దిగారు. ఫలితం చూశాక మాట మార్చడం కుదరదన్నమాట. (మా అపార్టుమెంటులో నీళ్ల మోటారు ఎప్పుడెయ్యాలో ఇంతవరకూ తేలలేదు.)

కొన్నిసార్లు కుక్కని పేరు పెట్టి పిలిచి, కళ్లలోకి చూసి మిమ్మల్ని చూపారు. ఇంకొన్నిసార్లు కళ్లు కలపకుండా, ఊరికే గొంతు సవరించుకుని చూపారు. తేడా తేలలేదు! రెండిట్లోనూ గుడ్డి ఎంపిక కంటే నయం, అంతే. పాత పరిశోధనలు చెప్పినంత గొప్పగానూ లేదు. బహుశా చూపిన తీరు వల్లనేమో: మిమ్మల్ని కప్పుకి అవతలి వైపు చేత్తో ఒంటికి అడ్డంగా చాపి, క్షణంలో తీసేశారు లెండి.

గొంతు సవరింపు దగ్గరే నా పేచీ. దాన్ని పిలుపు కాని ఉత్త చప్పుడుగా లెక్కేశారు. మా తాతగారు వీధిగుమ్మంలో గొంతు సవరిస్తే వంటింట్లో కాఫీ గ్లాసు కడిగేవారు, వాలుకుర్చీలోంచి మామయ్య లేచేవాడు, మాటలు ఆగేవి. పేరు పెట్టి కేకేస్తే అంత కదలిక ఉండేది కాదు. అలాంటి ఇంట్లో పెరిగిన కుక్క ఆ 455లో ఉందో లేదో విచారించాల్సింది.

మన వీధికుక్కలకి గిన్నెలతో ఇలాంటి పరీక్షే పెట్టి, ఐసర్ కోల్‌కతా అనే సైన్సు విద్యాసంస్థ వాళ్లు 2020లో రాశారు. 160 కుక్కల్లో దాదాపు సగం గిన్నెల దగ్గరికే రాలేదట, బెదురుతో. వచ్చినవాటిలో మాత్రం సుమారు 80 శాతం మీరు చూపిన వైపే వెళ్లాయి. రానివాటికి తెలివి లేదనుకోకండి. మా సందులో మీరు లేచారంటే, మరుక్షణం మీ అన్నదమ్ములంతా కలిసి రాయందుకుంటారు.

కాబట్టి ఈసారి బిస్కెట్టు ముందు పడనివ్వండి. మీరు తర్వాత లేవచ్చు.

ఇట్లు,
మిమ్మల్ని మోస్తున్న చెయ్యి గలవాడు