తుపాకీ తర్వాత, ముందు తూటా సంగతి

పోయిన శీతాకాలం ఒక ఆదివారం మా డ్రయ్యర్‌లో ఏదో టకటకా కొట్టుకుంటోంది. జేబులో చిల్లర మర్చిపోయానేమో అనుకున్నాను. మా ఆవిడ డ్రమ్ములో చెయ్యి పెట్టి, రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పాయింట్ టూటూ (.22) తూటా. పెన్సిల్ కన్నా సన్నం, అంగుళం పొడవు. ఉతికి ఆరేసినందుకు ఇత్తడి ఇంకా మెరుస్తోంది. "ఇది లోపల పేలుంటేనో?" అంది. నా దగ్గర జవాబు లేదు.

టెక్సాస్‌లో పన్నెండేళ్ళుగా రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి) వెళుతున్నవాణ్ణి. వేటకి వెళ్ళేవాళ్ళకి భద్రత నేర్పే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైనవాణ్ణి. నా సంగతే ఇలా ఉంది. ఇక్కడి మన తెలుగు సంఘం పిక్నిక్‌కి వెళితే చాలు, "అన్నా, ఏ గన్ కొనమంటావ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇండియన్ ఇళ్ళలో బంగారం కోసం దొంగలు పడ్డారన్న వార్త వచ్చిన వారమైతే నలుగురు అడుగుతారు. తూటా గురించి అడిగినవాడు మాత్రం ఇంతవరకూ లేడు. చట్టం పట్టుకునేదీ, ప్రమాదం మొదలయ్యేదీ ఎక్కువగా అక్కడే అని నా అభిప్రాయం.

మా బావమరిది సంగతే చూడండి. వాడికి గ్రీన్ కార్డు ఉంది, అన్నీ చట్టప్రకారమే చేస్తాడు. కాకపోతే రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాక్‌ప్యాకూ, ల్యాప్‌టాప్ పెట్టుకునే బ్యాక్‌ప్యాకూ ఒకటే. వాళ్ళ బాబాయి కూతురి పెళ్ళికి దాంతోనే ఇండియా వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఎవరి కంటా పడలేదు. తిరుగు ప్రయాణంలో స్కానర్ దగ్గర బ్యాగ్ పక్కకి లాగారు. సైడ్ జేబు కుట్టు ఊడి, లోపలి గుడ్డలోకి జారిపోయిన ఒకే ఒక్క తూటా. ఫ్లైట్ వెళ్ళిపోయింది, వాడు స్టేషన్‌కి వెళ్ళాడు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ ఉండటం ఎంత నేరమో తూటా ఉండటమూ అంతే నేరం. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా, తెలియక ఉండిపోయిందా అన్నది కోర్టులు చూస్తాయి. ఇలా మర్చిపోయిన ఒక్క తూటా కేసుల్ని హైకోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. వీడిదీ కొట్టేశారు, ఏడు నెలల తర్వాత. ఆ ఏడు నెలల లాయరు ఫీజూ, వాయిదాలూ, ఇక్కడ మేనేజర్‌కి చెప్పుకున్న సంజాయిషీలూ వేరే కథ. మా అత్తగారు ఇప్పటికీ ఆ బ్యాగ్‌ని గడప దాటనివ్వరు.

ఇక్కడి అమెరికా చట్టం కూడా తూటాని చిన్నచూపు చూడదు. హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ళ కుటుంబం), ఎఫ్-1 (చదువు), బి-2 (విజిటర్) అన్నీ నాన్-ఇమిగ్రెంట్ వీసాలే, అంటే తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చేవి. వీటి మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. శిక్ష 15 ఏళ్ళ దాకా పడొచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళని కూడా ఆయుధాల నేరం కింద వెనక్కి పంపించే సెక్షన్ వేరే ఉంది. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయినంత మాత్రాన హెచ్-1బి మారిపోదు.

దీనికో మినహాయింపు ఉంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్, గడువు తీరనిది, చేతిలో ఉండాలి. మనవాళ్ళు దీన్ని భలే పట్టుకున్నారు. కానీ టెక్సాస్‌లో ఇందులో ఒక మెలిక ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందుల వేటకి లైసెన్సే అక్కర్లేదు. పొలాలు కుళ్ళబొడుస్తున్నాయని రాష్ట్రం ఆ వీలు ఇచ్చింది. దాంతో వీకెండ్ ర్యాంచ్‌కి బయల్దేరిన హెచ్-1బి కుర్రాళ్ళు "లైసెన్స్ వద్దంటగా" అని డబ్బు మిగుల్చుకుంటారు. రాష్ట్రం వద్దన్న ఆ కాగితమే ఫెడరల్ చట్టం ముందు వాళ్ళకున్న ఒక్కగానొక్క గొడుగు. పైగా ఇక్కడి లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1 ఉదయానికి కొత్తది తీసుకోకపోతే, క్లోజెట్‌లో ఉన్న రైఫిల్ ఉన్నచోటే ఉండి నేరమైపోతుంది. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకి ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, అంటే మనలో దాదాపు అందరికీ.

రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాలిస్తే ఏమవుతుందిలే అంటారు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రెహైఫ్ కేసు అలాంటిదే. రెహైఫ్ స్టూడెంట్ వీసా మీద వచ్చాడు, చదువు సాగక యూనివర్సిటీ తీసేసింది, దాంతో వీసా స్టేటస్ పోయింది, తర్వాత రేంజ్‌కి వెళ్ళి తుపాకీ కాల్చాడు, జైలు శిక్ష పడింది. తన స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని సుప్రీంకోర్టు చెప్పింది. నాకు తెలియదు అనే వాదనకి కొంత ఊపిరి వచ్చిందన్నమాట. ఈ వ్యాసం ఇంతవరకూ చదివారు కాబట్టి మీకది ఇక పనికిరాదు.

నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చారు, ఆయన చేతికి రైఫిల్ ఇచ్చి ఫోటో తీసి ఊళ్ళో గ్రూపులో పెడతాం. రూమ్మేట్స్‌లో ఒకడికి గ్రీన్ కార్డు, ఇద్దరికి ఎఫ్-1, సేఫ్ నంబరు ముగ్గురికీ తెలుసు. స్నేహితుడి డబ్బుతో స్నేహితుడి కోసం మన పేరు మీద కొని, తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో నాకోసమే అని టిక్ పెడతాం. ఈ మూడూ చట్టానికి చిక్కే పనులే, నేను కళ్ళారా చూసినవే. మూడోదానికి 2022లో ప్రత్యేకంగా చట్టం చేశారు, 15 ఏళ్ళ దాకా శిక్షతో.

సరే, కొనే అర్హత ఉందనుకుందాం. మన ఊళ్ళో పోలీసుల భుజాన చూసిన త్రీనాట్‌త్రీ (.303) రైఫిల్ గుర్తుందా? ఆ తూటా బలగాలది, మామూలు మనిషికి నిషేధం. అందుకే ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ తయారుచేసి లైసెన్స్ ఉన్నవాళ్ళకి అమ్ముతూ వచ్చింది. అక్కడ చట్టం తుపాకుల్ని విడదీసేదే ముఖ్యంగా తూటా సైజుని బట్టి. ఇక్కడా వేట నిబంధనలు చాలావరకు తూటా దగ్గరే తేలతాయి. ఒహాయోలో జింకని రైఫిల్‌తో కొట్టాలంటే మెడ దగ్గర సన్నబడని, నిటారు ఇత్తడి తొడుగు ఉన్న తూటాలే చెల్లుతాయి. అలాంటి రాష్ట్రాల కోసమే 2019లో .350 లెజెండ్ అనే తూటా వచ్చింది. న్యూజెర్సీలో జింకల వేటకి ఇలాంటి రైఫిలే కుదరదు. కాలిఫోర్నియాలో వేటకి సీసం బుల్లెట్లు (తూటాలోంచి దూసుకెళ్ళే ముందు భాగం) పనికిరావు. డాలస్‌లో ఉన్న అన్నయ్య చెప్పాడని న్యూజెర్సీ ఎడిసన్‌లో తమ్ముడు .308 రైఫిల్ కొంటే, దానితో చేసుకునేది రేంజ్‌లో టార్గెట్ పూజే.

కొత్తవాళ్ళకి నా సలహా ఎప్పుడూ పాయింట్ టూటూనే. దెబ్బ భుజానికి తగలదు, ఖర్చు తక్కువ, ట్రిగ్గర్ మీద వేలు ఎలా వేయాలో నేర్పుతుంది. ఇది బొమ్మ తుపాకీ అనుకోకండి, ఆ చిన్న బుల్లెట్ ఒకటిన్నర మైలు దాకా పోగలదు. పందులకీ జింకలకీ .243 గానీ .308 గానీ చాలు. 6.5 క్రీడ్‌మూర్ తూటా మీద నాకు కోపం లేదు, యూట్యూబ్ చూసి అది కొన్నవాళ్ళ ఉపన్యాసాల మీద ఉంది.

సైజు కన్నా ముఖ్యమైనది, గొట్టం మీద చెక్కిన అక్షరాలూ తూటా అడుగున ఉన్న అక్షరాలూ కలవడం. .223 రెమింగ్టన్, 5.56 నాటో చూడటానికి కవలలు. 5.56 రైఫిల్‌లో .223 వాడొచ్చు, .223 రైఫిల్‌లో 5.56 వాడితే ఒత్తిడి హద్దు దాటొచ్చు. వీటికన్నా ప్రమాదం .300 బ్లాకవుట్. అదే మ్యాగజైన్‌లో (తూటాలు పేర్చే పెట్టెలో) ఒద్దికగా కూర్చుంటుంది, ఒక్కోసారి .223 ఛాంబర్‌లోకి, అంటే పేలే ముందు తూటా కూర్చునే చోటులోకి, కూడా దూరుతుంది. కానీ దాని బుల్లెట్ లావు. ఆ సన్నటి గొట్టంలోంచి వెళ్ళలేక తుపాకీని ముఖం ముందే పగలగొడుతుంది. షాట్‌గన్‌లో ఇలాంటిదే ఇంకోటి. అక్కడ గొట్టం వెడల్పుని గేజ్‌లో చెబుతారు, అంకె పెరిగితే గొట్టం సన్నం. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గొట్టంలో పడితే లోపలికి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. పేలలేదేమిటా అని ఇంకోటి వేసి నొక్కితే గొట్టం చీలుతుంది. అందుకే 20 గేజ్‌కి పసుపు రంగు వేస్తారు. రెండు రకాల డబ్బాలు ఒకే టేబుల్ మీద తెరవకండి. నేను ఒక రోజు ఒక్క రకమే తీసుకెళతాను.

దొంగల భయంతో రైఫిల్ కొంటానంటే మాత్రం నేను వద్దనే అంటాను. ఇక్కడ మన ఇళ్ళ గోడలు షీట్‌రాక్, పలచటి జిప్సమ్ పలకలు. హాల్లో కాల్చిన రైఫిల్ బుల్లెట్ పిల్లల గది గోడ కూడా దాటి పోతుంది. బంగారాన్ని బ్యాంకు లాకర్‌లో పెట్టడం చవక.

ఆ మధ్య మన పిల్లవాడొకడు సొంత తుపాకీ శుభ్రం చేసుకుంటూ ప్రాణం పోగొట్టుకున్నాడని పత్రికల్లో చదివాం. అతనికి ఏం జరిగిందో నేను ఊహించను. రేంజ్‌లో నేను రోజూ చూసే తప్పు మాత్రం చెబుతాను. మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు. ఛాంబర్‌లోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. మ్యాగజైన్ ముందు తీయాలి, తర్వాత ఛాంబర్‌ని మూసే బోల్టు వెనక్కి లాగాలి, లోపలికి చూడాలి, చూసింది చాలక చిటికెన వేలు పెట్టి తడమాలి. శుభ్రం చేసే గదిలో తూటాల డబ్బా ఉండకూడదు. మా ఇంట్లో తుపాకీ సేఫ్ పైన, తూటాలు వేరే తాళంతో గరాజ్‌లో. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా నిండు తుపాకీ వదిలేయడం టెక్సాస్‌లో నేరం. పాట్‌లక్‌కి వచ్చే పదిహేనుమంది పిల్లల్లో ఏ డ్రాయర్ లాగకుండా ఉండేవాడు ఎవడున్నాడు చెప్పండి.

పోయిన నెల పిక్నిక్‌లో మళ్ళీ ఒక కుర్రాడు పట్టుకున్నాడు. "అన్నా, ఐ-140 వచ్చేసింది, ఏ గన్ కొనమంటావ్?" ముందు హంటర్ ఎడ్యుకేషన్ చెయ్యి, లైసెన్స్ తీసుకో, ఆపైన మాట్లాడుకుందాం అన్నాను. ఈలోగా శనివారం నాతో రేంజ్‌కి వస్తానన్నాడు. "తూటాలు నేను కొని తెస్తానన్నా, ఏ సైజు?" అన్నాడు ఉత్సాహంగా.

"నువ్వు రెండు కాఫీలు తీసుకురా," అన్నాను. "వెనక కుర్చీలో కూర్చుని చూద్దువుగాని."