వైజాగ్, విశాఖపట్నం, వాల్తేరు... ఒకటే ఊరండి బాబూ!

మేం ఒక సాఫ్ట్‌వేర్ కోసం దరఖాస్తు పెట్టుకున్న విదేశీ కంపెనీ నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. పదకొండు రోజులు తిప్పుకుని, చివరికి "మీ దరఖాస్తు ఆమోదించలేకపోతున్నాం" అట. ఎగుమతి నిబంధనల ప్రకారం మా చిరునామా సరిపోలలేదట. జీఎస్టీ సర్టిఫికెట్‌లో విశాఖపట్నం అని ఉంది. వెబ్‌సైట్‌లో వైజాగ్ అని ఉంది. కరెంటు బిల్లులో ఇంగ్లీషు స్పెల్లింగుకి ఎవడో ఒక హెచ్ అదనంగా తగిలించాడు. ఇంకేముంది, మూడు స్పెల్లింగులు కాబట్టి మూడు ఊళ్లు, మూడు ఊళ్లలో ఆఫీసులున్నాయంటే మేం అంతర్జాతీయ ముఠా. స్టేషన్ కోడ్ వీఎస్‌కేపీ, ఎయిర్‌పోర్టు కోడ్ వీటీజెడ్, రైల్వే వాళ్లు మొన్నమొన్నటి దాకా వాల్తేరు డివిజన్ అనేవారు. ఇవన్నీ కూడా చెప్పుంటే ఇంటర్‌పోల్‌కి ఫోన్ చేసేవారేమో.

ఇంతకీ మేం అడిగింది క్షిపణి కాదు. కంప్యూటర్ సెక్యూరిటీ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్, అదీ పద్నాలుగు రోజుల ట్రయల్. యజమాని రాసిచ్చిన అనుమతితో అతని సిస్టంలోకి మేమే దూరి, దొంగ రాకముందే కన్నం ఎక్కడుందో చెప్పే పని మాది. మధురవాడలో టిఫిన్ సెంటర్ మీద ఒక గది, ఐదుగురం. నిన్న కూడా అమ్మ ఫోన్ చేసి "ఏట్రా, నీ మెషీన్ ఇంకా రాలేదా?" అంది. మెషీన్ కాదమ్మా, డౌన్‌లోడ్. "డౌన్‌లోడ్‌కి పదకొండు రోజులేటి?" అంది. ఆవిడకున్న లాజిక్ కూడా వాళ్లకి లేదు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది, చూసి తీరాలి. "ఈ ఉత్పత్తిని అణ్వాయుధాల తయారీకి వాడతారా? అవును / కాదు." బాంబు చేసేవాడు ఒక్క క్షణం ఆలోచించి నిజాయితీగా "అవును" టిక్ చేస్తాడన్నమాట.

దీని వెనక కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. వాసెనార్ ఒప్పందమని ఒకటుంది, ఆయుధాలూ వాటికి పనికొచ్చే సాంకేతికతా ఎవరికి ఎగుమతి చేయాలో చూసుకునే దేశాల గుంపు. 2013లో వాళ్ల ఎగుమతి నియంత్రణ జాబితాలోకి "ఇంట్రూజన్ సాఫ్ట్‌వేర్", అంటే ఇతరుల సిస్టంలోకి దూరే సాఫ్ట్‌వేర్, చేర్చారు. నియంతలకి నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మకుండా ఆపాలని ఉద్దేశం, బాగానే ఉంది. కానీ రాసిన మాటలు ఎంత వెడల్పంటే, కన్నాలు వెతికేవాళ్లూ అందులోనే పడ్డారు. 2015లో అమెరికా వాణిజ్య శాఖ దాన్ని తమ రూలుగా మార్చబోతే సెక్యూరిటీ వాళ్లంతా మొత్తుకున్నారు, వెనక్కి తీసుకున్నారు. 2017లో ఒప్పందంలోనే సడలింపులిచ్చారు. 2022 మార్చిలో అమలైన అమెరికా రూల్లో మాలాంటివాళ్లకి మినహాయింపు కూడా ఉంది. అంటే రూలు కొంచెం మెత్తబడింది, దాన్ని చూసి జడుసుకునే కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లే మెత్తబడలేదు.

మనమేమన్నా బయటివాళ్లమా? 2017 డిసెంబరులో ఇండియా ఆ గుంపులో 42వ సభ్యదేశంగా చేరింది. ఆ రోజు పేపర్లలో ఎంత సంబరం! ఇంటి మనిషి అంటారు, గుమ్మం దగ్గర కరెంటు బిల్లు అడుగుతారు.

మరి దొంగలు ఏ ఫారం నింపారు? కోబాల్ట్ స్ట్రైక్ అని, ఇలాంటి టెస్టింగ్ టూలే, దాని దొంగ కాపీలతో ర్యాన్సమ్‌వేర్ ముఠాలు (కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు) ఆసుపత్రుల మీద కూడా పడ్డాయి. 2023లో దాని కంపెనీ, మైక్రోసాఫ్ట్ కలిసి కోర్టుకెళ్లాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు! పెగాసస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోన్‌లోకి దూరిపోయే ఆ సరుకు లైసెన్సు లేకుండా గోడ దూకలేదండీ, ఇజ్రాయెల్ రక్షణ శాఖ ఎగుమతి అనుమతితో దర్జాగా రాజద్వారంలోంచే వెళ్లింది. వాళ్ల కరెంటు బిల్లులో హెచ్ కరెక్ట్‌గా ఉన్నట్టుంది.

అన్నిటికంటే మండేది ఇది. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్లో ఇచ్చిన ఆదేశం ప్రకారం సైబర్ దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో రిపోర్టు చేయాలి. ఆరు గంటలు! దాడి చేసినవాడికి సున్నా రోజులు, చెప్పడానికి ఆరు గంటలు, కాపాడాల్సినవాడికి పదకొండు రోజులు, ఆ తర్వాత "సారీ".

"మెటాస్ప్లాయిట్ ఫ్రేమ్‌వర్క్ ఫ్రీయే కదా అన్నా, అది వాడు" అని కామెంట్ పెట్టబోతున్న తమ్ముడూ, ఆగు. కన్నాలు వెతికే ఆ ఫ్రీ టూల్ 2003 నుంచి ఉంది, దాని గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదు, రోజూ దానితోనే పని. గొడవ పనితో కాదు. క్లయింటుకి రిపోర్టు మీద డబ్బులిచ్చి కొన్న టూల్ పేరు కనపడాలి. ఫ్రీ అంటే "అంటే లోకల్ టైపా?" అంటాడు.

అసలు కడుపుమంట అక్కడే, ఎగుమతి రూలు ఒక వంక. ఊళ్లోనే, మా గదికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఆఫీసు, మేం కొటేషన్ ఇస్తే "వైజాగ్ వాళ్లకి ఇంత పెద్ద పని చేతకాదండీ" అని హైదరాబాద్ కంపెనీకి ఇచ్చింది. రేటు మేం చెప్పినదానికి నాలుగింతలు. ఆ హైదరాబాద్ వాళ్లు వారం తిరక్కుండా అదే పనిని పావు వంతుకి మాకే సబ్ కాంట్రాక్టు ఇచ్చారు. మూడు రాత్రులు కూర్చుని, ఆ ఫ్రీ టూల్‌తోనే, పన్నెండు కన్నాలు పట్టాం. ప్రెజెంటేషన్ రోజు ఆఫీసాయన రిపోర్టు తిరగేస్తూ "చూశారా, హైదరాబాద్ వాళ్ల పనితనమే వేరు" అన్నాడట. వెనక కుర్చీలో నోట్స్ రాసుకోవడానికి కూర్చున్నది మా కుర్రాడే.

రెండో విడత రిపోర్టు రేపు పంపాలి. లోగో ఎవరిదో చెప్పక్కర్లేదుగా.