సర్జన్ సిద్ధం, థియేటర్ ఖాళీ లేదు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎముకల ఆపరేషన్లకు వెయిటింగ్ లిస్ట్ పెరిగిందనగానే పాలకులకు తట్టేవి రెండే: ఇంకొందరు సర్జన్లను తీసుకోవడం, ఆదివారాలు కూడా ఆపరేషన్లు చేయించడం. అవి అక్కర్లేదని కాదు. కానీ సర్జన్ వచ్చి కూర్చున్నా ఆపరేషన్ జరగని రోజులు ఎన్నో, ఆర్థో వార్డులో పనిచేసేవారిని ఎవరినైనా అడగండి.

మోకీలు మార్పిడి కోసం నెలల తరబడి ఆగిన మనిషి ఎట్టకేలకు వార్డులో చేరతాడు. అర్ధరాత్రి నుంచి ఏమీ తినడు. పొద్దున్నే డాక్టర్ వచ్చి ఏ కాలో పొరపాటు పడకుండా తొడ మీద మార్కర్‌తో బాణం గుర్తు వేసి వెళతాడు. మధ్యాహ్నం నర్సు వచ్చి ‘ఇవాళ కుదరదండీ’ అంటుంది. రాత్రి ఓ యాక్సిడెంట్ కేసు, తుంటి విరిగిన ఓ ముసలావిడ వచ్చారు. థియేటర్ వాళ్లకు ఇచ్చేశారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. తుంటి విరిగినవారికి 48 గంటల్లోపు ఆపరేషన్ జరగాలన్నది కెనడా 2005లో పెట్టుకున్న గడువు. కీలు మార్పిడికి అక్కడే 26 వారాలు. ఒకే థియేటర్ కోసం ఈ రెండూ పోటీపడితే అరిగిన మోకాలు ప్రతిసారీ ఓడిపోతుంది, ఓడిపోవాలి కూడా. ఈలోగా తొడ కండరం పలచబడుతుంది, పాత రక్తపరీక్షలు చెల్లవంటారు, మత్తు డాక్టర్ ఫిట్‌నెస్ మళ్లీ మొదటి నుంచి.

అందుకే నా దృష్టిలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, ప్రమాద కేసుల్నీ ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లనీ విడదీయడం. థియేటర్లే కాదు, పడకలు, సిబ్బంది కూడా వేరుగా ఉండాలి. నైరుతి లండన్‌లోని నాలుగు ఆసుపత్రి ట్రస్టులు కలిసి 2004లో ఎప్సమ్‌లో ఇలాంటి కేంద్రాన్నే తెరిచాయి. అక్కడ ఎమర్జెన్సీ ఉండదు కాబట్టి రాత్రి ఏం వచ్చిందన్న టెన్షన్ పొద్దుటి లిస్టుకు తగలదు.

విడదీశాక అసలు లోపాలు బయటపడతాయి. కీలు మార్పిడి పరికరాలు ట్రేల కొద్దీ ఉంటాయి. ఒక కేసు కాగానే అన్నీ కడిగి, ప్యాక్ చేసి, స్టెరిలైజ్ చేయడానికి గంటలు పడుతుంది. రెండే సెట్లున్నచోట ఎంతమంది సర్జన్లున్నా రోజుకు రెండు మోకాళ్లకు మించి కష్టమే. కొత్త పోస్టు కంటే ముందు మూడో సెట్ కొనాల్సిన ఆసుపత్రులు తప్పకుండా ఉంటాయి. అలాగే ఆపరేషన్‌కు అడ్డొచ్చే షుగర్, రక్తహీనత, పుచ్చిపోయిన పన్ను లాంటివి ఆపరేషన్ ముందురోజు కాక, లిస్టులో పేరు రాసిన రోజే చూస్తే సరిచేసే సమయం దొరుకుతుంది.

సర్జన్‌కో లిస్టు పెట్టుకునే అలవాటు కూడా పోవాలి. ఒకరి దగ్గర ఏడాది, పక్క గదిలో మూడు నెలలు అంటే అది వెయిటింగ్ కాదు, లాటరీ. ఉమ్మడి లిస్టు పెట్టి, ఫలానా డాక్టరే కావాలనేవారిని ఆగనిస్తే సరిపోతుంది.

లెక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. చికిత్స మొదలవడానికి పెట్టుకున్న 18 వారాల గడువును ఇంగ్లండ్, రోగిని ఆసుపత్రికి రిఫర్ చేసిన నాటి నుంచి లెక్కిస్తుంది. కెనడాలో ఆపరేషన్‌కు నిర్ణయం జరిగి రోగి సిద్ధమయ్యాకే గడియారం మొదలవుతుంది. సర్జన్‌ను మొదటిసారి చూడటానికి పట్టిన నెలలు ఆ లెక్కలో కనిపించవు. ఆ మొదటి క్యూలో ఉన్న అందరికీ కత్తి అక్కర్లేదు కూడా. ముందు ఫిజియోథెరపిస్ట్ చూస్తే కొందరికి వ్యాయామంతోనే గడిచిపోతుంది.

విడి కేంద్రాల మీద ఒక అభ్యంతరం గట్టిదే. అవి తేలిక కేసుల్ని ఏరుకుని, గుండెజబ్బు ఉన్నవారిని పెద్దాసుపత్రికే వదిలేస్తాయి. ఐసీయూ లేనిచోట అది తప్పదు. కాబట్టి ఆ రోగుల కోసం పెద్దాసుపత్రిలోనూ వారంలో కొన్ని రోజులు ఒక థియేటర్‌నూ కొన్ని పడకలనూ విడిగా కేటాయించి ఉంచాలి. ఎమర్జెన్సీ నిండిపోయిన రాత్రి ఆ పడకలు అడిగితే కాదనే అధికారం ఎవరిదో ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే నెల తిరక్కుండానే అక్కడ జ్వరం కేసులుంటాయి.