పాత తేలికపాటి కారుకు ట్రాక్ మీద శక్తి కొరత కాదు, వయసే సమస్య

1989లో వచ్చిన తొలి తరం మజ్దా ఎంఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారు బరువు సుమారు 950 కిలోలు, అందులోని 1.6 లీటర్ ఇంజిన్ శక్తి దాదాపు 115 హార్స్‌పవర్. నేటి కుటుంబ కార్లలో చాలావాటికి అంతకంటే ఎక్కువ శక్తి ఉంటుంది కనుక, ఇలాంటి కారును రేస్ ట్రాక్‌పై నడపాలనుకునేవారు ముందుగా ఇంజిన్ గురించే దిగులుపడతారు. ఆ దిగులు చాలావరకు అనవసరమని నా అభిప్రాయం.

తక్కువ బరువు చేసే మేలు ముందుగా బ్రేకుల దగ్గర తెలుస్తుంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, గంటకు 150 కిలోమీటర్ల నుంచి 60కి వేగం తగ్గించడానికి 950 కిలోల కారు బ్రేకులు సుమారు 690 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. 1,500 కిలోల కారుకు అది 1,090 దాటుతుంది. ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు) తరువాత ల్యాప్ ఈ తేడా పోగుపడుతూ, బరువైన కారు బ్రేకులు వేడికి సడలే సమయానికి కూడా తేలిక కారు మొదటి ల్యాప్‌లో బ్రేకు వేసిన చోటే వేయగలుగుతుంది. మలుపుల్లోనూ లాభం దానిదే. టైరుపై భారం పెరిగితే పట్టు పెరుగుతుంది గానీ అదే నిష్పత్తిలో పెరగదు. అందువల్ల సన్నని టైర్లతోనే చిన్న కారు నెట్టుకురాగలదు. దీనికి నాలుగు చక్రాల డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టి ఉంచే అమరిక), ముందు వెనుకలకు దాదాపు సమానంగా పంచిన బరువు తోడయ్యాయి.

తిన్నని దారిలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. గాలిని చీల్చడానికి కావలసిన ఇంజిన్ శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, అధిక వేగంలో తేలికతనం పెద్దగా అక్కరకు రాదు. జపాన్‌లోని సుమారు 2 కిలోమీటర్ల సుకుబా ట్రాక్‌లో పరువు నిలుపుకునే కారు, బెల్జియంలోని 7 కిలోమీటర్ల స్పా ట్రాక్‌లో కెమెల్ స్ట్రెయిట్ అనే పొడవైన తిన్నని దారి వద్ద వెనుకబడుతుంది. ట్రాక్ పేరు చెప్పకుండా ల్యాప్ సమయాలను పోల్చడంలో అర్థం లేదు.

నిజమైన ఇబ్బంది ముప్పై ఏళ్లు నిండిన భాగాలతోనే. గట్టిపడి పగుళ్లిచ్చిన రబ్బరు బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు భాగాలు) బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు చక్రాన్ని నిర్దేశించిన కోణంలో నిలపలేవు. మామూలు రోడ్డుపై ఈ లోపం బయటపడకపోవచ్చు కూడా. తేమను పీల్చుకున్న బ్రేక్ ఫ్లూయిడ్ తక్కువ వేడికే మరుగుతుంది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకులు పెళుసుబారి చిట్లుతాయి. 1996లో వచ్చిన మరో తేలికపాటి స్పోర్ట్స్ కారు లోటస్ ఎలీజ్ అతికించిన అల్యూమినియం చట్రంతో బరువును 725 కిలోల దరికి దించి, 118 హార్స్‌పవర్‌తోనే అబ్బురపరిచింది. అయితే దాని రోవర్ కె-సిరీస్ ఇంజిన్‌కు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై, కింది భాగాల మధ్య లీకు కాకుండా ఉంచే పొర) బలహీనత పేరుమోసినదే.

ఇలాంటి కారుకు ముందుగా టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టి శక్తిని పెంచే పరికరం) బిగించేవారిని చూస్తే జాలి వేస్తుంది. అలసిన రేడియేటర్‌పై, పాత బ్రేకులపై వారు మరింత వేడిని మోపుతున్నారు. పైగా శక్తి తక్కువైన కారులో మలుపు వద్ద పోగొట్టుకున్న వేగానికి తరువాతి దారంతా మూల్యం చెల్లించాలి కనుక, డ్రైవర్ తప్పులు దాగవు. టర్బో వాటిని కప్పిపుచ్చుతుంది. నేనైతే బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, ఫ్లూయిడ్, కూలింగ్ వ్యవస్థ మార్చాక, ఎంఎక్స్-5కు 1994 నాటి 1.8 లీటర్ మోడల్ పెద్ద బ్రేకులు బిగిస్తాను. పైకప్పు తెరుచుకునే కారు కనుక రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే లోహపు కడ్డీ) వీటన్నిటికంటే ముందు రావాలి. దానివల్ల పెరిగే కొద్దిపాటి బరువును లెక్కచేయనక్కరలేదు.