చింతగింజ విషం పీల్చదు

వానలు మొదలైతే చాలు, ఫోన్లలో తేలు కాటు మెసేజ్ ఒకటి తిరుగుతుంది. దాని సారాంశం ఇది: తేలు విషం రక్తంలో పైకెక్కుతుంది కాబట్టి గట్టిగా తాడు కట్టాలి, బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండాలి, చింతగింజ అరగదీసి అంటిస్తే విషం పీల్చుకుని దానంతట అదే రాలిపోతుంది. మంట తగ్గితే గండం గడిచినట్టే. భయపడాల్సింది నల్ల మండ్రగబ్బకే, ఎర్ర తేలుకు కాదు. ఆసుపత్రికి పరుగెత్తి డబ్బు తగలేయొద్దు అని కూడా ఆ మెసేజ్ చెబుతుంది.

ముందు రక్తం సంగతి. విషం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగే మాట నిజమే. కానీ అది పనిచేసేది నరాల మీద. నరం పొరలో సోడియం లోపలికి వచ్చే సన్నని ద్వారాలుంటాయి. కబురు వచ్చినప్పుడు అవి తెరుచుకుని, రెప్పపాటు కూడా పట్టకుండా మూసుకుపోవాలి. ఎర్ర తేలు విషంలోని చిన్న ప్రొటీన్లు వాటిని మూతపడనివ్వవు. పొటాషియం బయటికి పోతేనే నరం మళ్లీ మామూలు స్థితికొస్తుంది. ఆ దారినీ అడ్డుకునే పదార్థాలు ఈ విషంలో ఉన్నాయి. వాటిలో 37 అమైనో ఆమ్లాల ఐబెరియోటాక్సిన్ మన దేశపు ఎర్ర తేలులోనే దొరికింది, పరిశోధనశాలల్లో ఇప్పటికీ వాడతారు.

దాంతో నరం ఆగకుండా కబుర్లు పంపుతూనే ఉంటుంది. నరాల చివర్ల నుంచి ఎసిటైల్‌కోలిన్, అంటే నరం కబురును కండలకూ గ్రంథులకూ చేరవేసే రసాయనం, కారిపోతుంది. కండలు అదిరేది అందుకే, విషం కండను తినేసి కాదు. ఒళ్లంతా చెమట, వాంతులు, నోట్లో నీళ్లూరడం, మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం ఇవన్నీ మొదట్లో కనిపిస్తాయి. చివరిది చెప్పడానికి ఇంట్లోవాళ్లు సిగ్గుపడతారు గానీ, డాక్టరుకు అది పెద్ద ఆధారం. ఆ తర్వాత, భయం, ఒత్తిడి వేళ ఒంట్లో ఊరే అడ్రినలిన్ హార్మోను ఉప్పెన. బీపీ పెరుగుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి, గుండె అలసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ప్రాణం పోయేది ఎక్కువగా ఇక్కడే.

తాడు కడితే ఆ కాలికో చేతికో రక్తం అందదు, అంతే. గాటు పెడితే చీము, ధనుర్వాతం భయం అదనం.

చింతగింజ అంటుకోవడం అబద్ధం కాదు. అరగదీస్తే బయటపడే తెల్లటి పప్పులో జిగురుంటుంది. ఆ పిండితో గంజి కాచి బట్టలకు పెడతారు కూడా. తేలు కుట్టని చోట, తడి చర్మం మీద అంటించి చూడండి, అక్కడా అంటుకుంటుంది, ఆరాక రాలిపోతుంది. మరి అంతమందికి తగ్గింది కదా అంటారు. చాలా తేలు కాట్లు కొన్ని గంటల నొప్పితో వాటంతటవే తగ్గేవే, పేరు గింజకు వస్తుంది.

మంట తగ్గితే గండం గడిచినట్టే అన్న మాట అన్నిటికంటే ప్రమాదం. నొప్పి భరించలేనంతగా ఉండి, ఇంకే లక్షణమూ లేనివాళ్లు చాలావరకు క్షేమంగా బయటపడతారు. పెద్దగా ఏడవకుండా, చెమటతో తడిసి, పాదాలు చల్లబడిన పిల్లాడినే చూసి భయపడాలి. పెద్దవాళ్లకు ఎక్కేంత విషమే ఆ చిన్న ఒంట్లో పడింది మరి.

మండ్రగబ్బ ఆకారం చూస్తే గుండె ఝల్లుమంటుంది. దాని బలం లావుపాటి పట్టకార్లలో ఉంది. కుడితే నొప్పి ఖాయం గానీ ప్రాణం తీయడం అరుదు. రెండు మూడు అంగుళాల ఎర్ర తేలుకు పట్టకార్లు సన్నగా, తోక లావుగా ఉంటాయి. మన దేశంలో ప్రాణాంతకం అదే.

ఇక డబ్బు తగలేయడం. మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్రను తేలు కాటుకు వాడి చూపించారు. అడ్రినలిన్ వల్ల బిగుసుకున్న రక్తనాళాలను అది వదులు చేస్తుంది. అంతకు ముందు తీవ్రమైన కేసుల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. దాంతోపాటు తేలు విషానికి విరుగుడు సీరం కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటున్నారని 2011లో ఆయనే ప్రచురించారు. మాత్ర చవకే. అలాగని మెడికల్ షాపులో కొని ఇంట్లో మింగించకండి. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి పడుకోబెట్టి, చూసుకుంటూ ఇవ్వాల్సిన మందు అది. కుట్టిన చోట కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, దగ్గర్లోని ఆసుపత్రికి బయల్దేరండి.